మూడు కాళ్ళ యంత్రమూ, రెండు చక్రాల సైకిలూ

హెచ్. జి. వెల్స్ నవల 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్'ను ఈ మధ్య మళ్ళీ చదివాను. చిన్నతనంలో చదివినప్పుడు కుజగ్రహవాసుల ఉష్ణకిరణమే మనసులో నిలిచింది. ఈసారి నిలిచింది ఒక సైకిలు.

1895లో వెల్స్ లండనుకు నైరుతి దిక్కున ఉన్న వోకింగ్ అనే ఊళ్ళో కాపురం పెట్టాడు. మేబరీ రోడ్డులో చిన్న ఇల్లు, ఎదురుగా రైలు కట్ట. ముప్ఫై నిండని వయసు, అంతంత మాత్రపు ఆరోగ్యం, కలంమీదే బ్రతుకు. అక్కడే సైకిలు నేర్చుకున్నాడు. సైకిలు మీద ఆ చుట్టుపక్కలంతా తిరుగుతూ, తన కుజవాసుల చేత ఏ చోటులను కూల్పించాలో, ఏ మనుషులను చంపించాలో గుర్తు పెట్టుకునేవాడినని 1934లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. (ఇరుగుపొరుగు మీద రచయిత తీర్చుకోగల కసి ఇంతకంటే నిరపాయకరంగా ఉండదు!)

ఆ నవలలో కథకుడు కూడా సైకిలు నేర్చుకుంటూ ఉంటాడు. అతని ఊరి మీద పడినవి నూరడుగుల ఎత్తున, మూడు కాళ్ళతో నడిచే యుద్ధయంత్రాలు. కుజవాసుల సామగ్రిలో ఎక్కడా చక్రమన్నదే లేదని వెల్స్ ప్రత్యేకంగా వ్రాశాడు. చక్రం మీద తిరిగే మనిషి చక్రమే ఎరుగని శత్రువును ఊహించాడన్నమాట. పత్రికలో బొమ్మలు వేసిన చిత్రకారుడు ఆ యంత్రాలను కర్రకాళ్ళ ముక్కాలిపీటల్లా బిగుసుకుపోయినట్లు చూపాడని ఆయనకు గుర్రు. 1898లో పుస్తకంగా వేసినప్పుడు కథకుడి చేతనే ఆ బొమ్మలను విమర్శింపజేశాడు.

ఇంత దూరం వచ్చాక, నడిచే యుద్ధయంత్రాన్ని ముందే ఊహించిన ద్రష్ట అని వెల్స్‌కు దండ వేసి ఊరుకోవడం మన అలవాటు. నాకది రుచించదు. కాళ్ళ విషయంలో సైన్యాలు చాలాకాలం ఆయన మాట వినలేదు. 1960ల చివర అమెరికా సైన్యం కోసం జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ నాలుగు కాళ్ళ వాహనం ఒకటి చేసింది. లోపల కూర్చున్నవాడు తన కాళ్ళూ చేతులూ ఆడిస్తే అది నడిచేది. కాసేపటికే మనిషి అలసిపోయేవాడు. తరువాత బోస్టన్ డైనమిక్స్ వారు చేసిన బరువులు మోసే యంత్రాన్ని, మోత మరీ ఎక్కువని 2015లో పక్కన పెట్టారు.

వెల్స్ నిజంగా ముందు చూసినది వేరొకటి. అది 1903 డిసెంబరులో 'స్ట్రాండ్' పత్రికలో వచ్చిన 'ద లాండ్ ఐరన్‌క్లాడ్స్' కథలో ఉంది. అందులో దాదాపు నూరడుగుల పొడవైన ఉక్కు యంత్రాలు, చక్రాల అంచులకు పాదాలు తగిలించుకుని, కందకాలు దాటి వస్తాయి. (ఆ పాదాల చక్రం డిప్లాక్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కనిపెట్టిన అసలు వస్తువే.) 1916లో సోమ్ యుద్ధంలో టాంకులు దిగినప్పుడు అందరికీ గుర్తుకు వచ్చినది ఈ కథే. కానీ నన్ను కలవరపెట్టింది ఆ యంత్రం లోపలి గది. తుపాకి పేల్చేవాడు శత్రువును నేరుగా చూడడు. ఎదుట పడిన చిన్న బొమ్మలో చూసి, గురి సరిచేసుకుని, పిలుపుగంట మీట నొక్కినట్లు నొక్కుతాడు. కోపం లేదు, కేక లేదు. ఆఫీసులో లెక్కలు చూసుకునే కుర్రవాడిలా ఉంటాడు.

2021లో అమెరికాలోని ఒక సైనిక ప్రదర్శనలో కుక్క ఆకారపు యంత్రం వీపు మీద తుపాకి బిగించి చూపించారు. 2025 జనవరిలో పుణేలో జరిగిన మన సైనిక దినోత్సవ కవాతులోనూ నాలుగు కాళ్ళ యంత్రాలు నడిచాయి. వాటికి మ్యూల్ అని పేరు, అంటే కంచరగాడిద. మంచుకొండల్లో జవాను వీపు మీది బరువు యంత్రం మోస్తానంటే కాదనేవాడెవడు? నేనూ సంతోషిస్తాను. అయితే బరువు మోసే వీపు మీద తుపాకి పెట్టడానికి నాలుగు మరలు చాలు. ఆ పని జరిగిన రోజున మీట నొక్కేవాడు ఎక్కడ కూర్చుంటాడు, అతనికి ఎదుటి మనిషి ఎంత పరిమాణంలో కనిపిస్తాడు అన్నదే నా బెంగ. ఈ ప్రశ్న వేయకుండా కాళ్ళ చమత్కారానికే చప్పట్లు కొట్టడం నాకు చేతకావడం లేదు.

వోకింగ్ నడిబొడ్డున 1998లో ఏడు మీటర్ల ఉక్కు కుజయంత్రాన్ని శిల్పంగా నిలబెట్టారు. 'లాండ్ ఐరన్‌క్లాడ్స్'కు అంతటి ఆదరణ లేదు. చిన్న కథే, ఒక పూటలో అయిపోతుంది. నవల కంటే ముందు దాన్ని చదవమని మిత్రులకు నా మనవి.