కిర్గిజ్‌స్తాన్ సఫర్: అమ్మీ ఊపిరిని బట్టి బస

బిష్కెక్‌లో మన తెలుగు పిల్లలు చాలామంది ఎంబీబీఎస్ చదువుతున్నారు. వాళ్లను చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు "భాయ్‌సాబ్, మీరు పోయొచ్చారు కదా, ఏ హోటల్ బాగుంటుంది?" అని అడుగుతుంటారు. నేను ఎదురు సవాల్ వేస్తాను. మీ ఖాందాన్‌లో అందరికంటే కమ్‌జోర్ ఎవరు? బస వాళ్లను బట్టి చూసుకోండి.

ఇది తజుర్బాతో చెబుతున్న మాట. మేనల్లుడు అక్కడ చదివే రోజుల్లో అమ్మీని, బీవీని, ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లాను. బిష్కెక్‌లో దిగిన మర్నాడే సాంగ్‌కుల్ సరస్సు అని ఏజెంట్ ప్యాకేజీ. గుడారాలు, గుర్రాల ఫోటోలు చూసి మురిసిపోయాను. బిష్కెక్ ఎత్తు సుమారు 800 మీటర్లు, సాంగ్‌కుల్ 3,000 మీటర్ల పైన. ఒక్క పగటిలో అంత ఎత్తుకు ఎక్కించేశాం. రాత్రి అమ్మీకి తలనొప్పి, వాంతులు, ఊపిరి అందలేదు. డాక్టర్ లేడు, ఫోన్‌కు సిగ్నల్ లేదు. డ్రైవర్ దేవుడిలా లేచి చీకట్లోనే కిందికి దించాడు. ఫజర్ వేళకు కోచ్‌కోర్ ఊరు చేరాం. అప్పటికి అమ్మీ కాస్త తేరుకుంది. ఏజెంట్ కుసూర్ ఉంది, కాదనను. కానీ "ఎత్తెంత?" అని అడగాల్సిన జిమ్మేదారీ నాది.

కోచ్‌కోర్‌లో ఒక ఇంట్లోనే దిగాం. ఆ దేశంలో ఊరూరా ఇళ్లలో గదులు అద్దెకిస్తారు. ఇంటావిడ అమ్మీని గుమ్మానికి ఎదురుగా ఉండే పెద్దల చోట కూర్చోబెట్టింది. దాన్ని 'తోర్' అంటారు. మాకు రష్యన్ రాదు, ఆమెకు ఉర్దూ రాదు. కానీ మన మెహమాన్ వాళ్లకు 'మెయ్‌మాన్', దస్తర్‌ఖాన్ 'దస్తోర్‌కోన్', నాన్ నానే, చాయ్ చాయే. తిన్నాక రెండు చేతులతో ముఖం తడుముకుని 'ఓమిన్' అంటారు, మన ఆమీనే. అమ్మీ కళ్లు చెమర్చాయి.

అందుకే నా రాయ్ ఇది. పెద్దవాళ్లుంటే ముందు కోచ్‌కోర్ లాంటి చోట, అంటే 1,800 మీటర్ల దగ్గర, రెండు రాత్రులు ఆగండి. గుండె, ఉబ్బసం ఉన్నవాళ్లయితే సాంగ్‌కుల్ మానేసి ఇస్సిక్‌కుల్ వెళ్లండి. అది 1,600 మీటర్లే, సరస్సు అందానికి లోటు లేదు. ఏ ఎత్తుకైనా ముందు డాక్టర్‌ను అడగండి. సాంగ్‌కుల్‌లో జులైలోనూ రాత్రి వణికించే చలి, ఉన్ని బట్టలు తప్పనిసరి. గుడారాల దగ్గర టాయిలెట్ బయట, దూరంగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది అసలు ముసీబత్. పల్లెల్లో కార్డు నడవదు, సోమ్ నోట్లు బిష్కెక్‌లోనే మార్చుకోండి. కిక్కిరిసిన మార్షృత్కా వ్యాన్ కంటే కుటుంబానికి కిరాయి కారు నయం. గుర్రం మాంసం, గుర్రపు పాలను పులియబెట్టిన కుమిస్ వద్దనుకుంటే, శాకాహారులైతే, ఒకరోజు ముందే చెప్పండి. వడ్డించాక వద్దంటే వాళ్ల దిల్ నొచ్చుకుంటుంది.

"పరాయి ఇంట్లో పడుకోవడమా, హోటలే ఇజ్జత్" అనేవాళ్లున్నారు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై మూకలు దాడి చేశాయి, ఆ ఖౌఫ్ కూడా జాయెజే. ఏ మొహల్లా ఎలాంటిదో అక్కడున్న మీ పిల్లల్నే అడగండి. కానీ ఆ మూకలను చూసి, మా అమ్మీకి కంబళి కప్పి పక్కన కూర్చున్న ఆ ఇంటావిడను తూచలేను.

బుక్ చేసేముందు ఏజెంట్‌ను మూడు సవాళ్లు అడగండి. ఎత్తెంత? టాయిలెట్ ఎక్కడ? దగ్గరి ఆస్పత్రికి ఎన్ని గంటలు? సాఫ్‌గా జవాబు రాకపోతే బయానా ఇవ్వకండి.