ఉత్తరం కిటికీకి ఎండ

మా ఊరు దుత్తలూరులో ఇల్లు కట్టేటప్పుడు అందరి ఆలోచనా ఒకటే, ఎండ లోపలికి రాకూడదు. మెట్ట ఊరు, వేసవి అలాంటిది. ధనుర్మాసంలో మంచం పట్టిన ముసలివాళ్ల సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

మా అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి, గడప దాటలేదు. తెల్లారితే ఒకటే మాట: "అమ్మాయ్, మంచం కాస్త ఎండలోకి జరపవే." ఎక్కడికి జరపను? దక్షిణాన పక్కింటి గోడ మా గోడకు ఆనుకునే లేచింది. అత్తమ్మ గదికి ఉన్న ఒక్క కిటికీ ఉత్తరానికి. జూన్‌లో, ఎవరూ పిలవనప్పుడు, పొద్దునా సాయంత్రం ఏటవాలుగా అందులోకి ఎండ వస్తుంది. డిసెంబర్‌లో సూర్యుడు రోజంతా దక్షిణంగానే నడుస్తాడు, మధ్యాహ్నం కూడా దాదాపు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

అందుకే పాత బీరువా అద్దానికి చెక్క చట్రం కట్టించి, ఉత్తరపు ప్రహరీ దగ్గర ఎండ పడే చోట నిలబెట్టాను. వెనక ఓ కర్ర ఊతం. అద్దం ముఖం సూర్యుడికీ కిటికీకీ నడిమధ్యకు తిరిగి ఉండాలి, కిటుకంతా అదే. కిటికీ ఊచల నీడలతో సహా ఎండ అత్తమ్మ కాళ్ల మీద పడింది. దుప్పటి తోసేసి మోకాళ్లు చాపుకుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి ఆ ఎండ మెల్లగా గోడకు పాకిపోతుంది. కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి మళ్లీ తిప్పుతుంటాను.

చేసుకునేవాళ్లు అద్దం చదునైనదే వాడండి. లోపలికి వంగిన అద్దమైతే ఎండ ఒకచోట పోగై నిప్పంటుకుంటుంది. కళ్లలో పడనివ్వకండి, పని లేనప్పుడు గోనెపట్టా కప్పండి. అద్దపు గాజు దాటి వచ్చిన ఎండలో డి విటమిన్ ఇచ్చే కిరణాలు దాదాపు ఉండవు. అందుకని డాక్టరు రాసిన మందులు మానొద్దు.

ఎండ కరువు మా ఇంటికే కాదు. పెద్దపల్లి జిల్లాలోని మూడు జాముల కొదురుపాకలో చుట్టూ గుట్టలుండి సాయంత్రం నాలుగింటికే పొద్దు వాలుతుంది. నార్వేలోని రుకాన్ ఊరికి చలికాలమంతా ఎండే తగలదు. అక్కడి ఫ్యాక్టరీ కంపెనీ, జనం కొండెక్కి ఎండ చూడాలని, 1928లో రోప్‌వే కట్టించింది. 2013లో కొండ మీద 51 చదరపు మీటర్ల అద్దాలు పెట్టి బజారులోకే ఎండ దింపారు. వాళ్లకు అడ్డం కొండ. మనకు అడ్డం మనం కట్టుకున్న గోడే, మరి మనకేం కష్టం?

దక్షిణాన పక్కింటి గోడ పది అడుగులు, మన దక్షిణపు కిటికీ అడుగు భాగం మూడడుగుల ఎత్తులో ఉంటే, డిసెంబర్ మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీకి నిండుగా తగలడానికి మధ్యలో ఐదున్నర అడుగుల ఖాళీ చాలు. ఒకటిన్నర సెంటు స్థలంలో అంత వదలడం కష్టమే, ఒప్పుకుంటాను. అలాంటి చోట పక్కపక్క ఇళ్లవాళ్లు మాట్లాడుకుని చెరో సగం వదలాలి, లేదంటే స్లాబులోనే ఓ గాజు పలక బిగించుకోవాలి. ప్లాను చూసే పంచాయతీవాళ్లు ముసలివాళ్లు పడుకునే గది ఏదో, దానికి దక్షిణాన ఏముందో తప్పకుండా అడగాలి.