దహ్లీజ్ దగ్గర స్వీడన్

పోయిన రంజాన్‌కి ముందు మా ఇంటి తలుపు దగ్గర గోడలకి తెల్లరంగు పడింది. మా చిన్నమ్మాయి షౌఖ్ అది. ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. స్వీడన్‌లో ఎవరిదో ఇంటి దహ్లీజ్. తెల్ల గోడ, లేతరంగు చెక్క బెంచి, కొక్కేల వరుస, గుండ్రటి అద్దం, కుండీలో ఒక మొక్క. అంతే. ఖూబ్‌సూరత్‌గానే ఉంది, కాదనను. అచ్చం అలాగే చేయించాం. అమ్మీ తఖ్త్ బాల్కనీలోకి పోయింది. తలుపుకి ఎదురుగా ఉండే పర్దా అల్మారాలోకి పోయింది.

నెల తిరక్కముందే తెలిసొచ్చింది. కొరియర్ అబ్బాయి తలుపు తడితే చాలు, బావర్చీఖానా దాకా ఇల్లంతా కనబడుతుంది. అమ్మీ నమాజ్‌లో ఉన్నా కనబడుతుంది. ఆడపిల్లలు దుపట్టా కోసం లోపలికి పరుగు. ఆ బెంచికి వీపు ఆనించే చోటు లేదు, ఎత్తూ తక్కువే. మోకాళ్ల నొప్పులతో అమ్మీ దాని మీద కూర్చుంటే లేవలేదు. అస్ర్ తర్వాత రోజూ వచ్చే పక్కింటి ఖాలా గుమ్మంలోనే నిలబడి సలాం చెప్పి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. "కూర్చోవడానికి జాగా ఎక్కడుంది బేటా?" అంది ఒకరోజు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తప్పు స్వీడన్‌ది కాదు. వాళ్ల దహ్లీజ్ ఎందుకలా ఉందో అడక్కుండా ఫోటో చూసి నకలు కొట్టిన మాది.

స్టాక్‌హోంలో డిసెంబర్ నెలలో పగలు సుమారు ఆరు గంటలే. మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. దొరికిన ఆ కాస్త రోష్నీని మూలమూలకీ పంచడానికి తెల్ల గోడ, అద్దం. వాళ్లూ మనలాగే చెప్పులూ బూట్లూ విప్పే ఇంట్లోకి వస్తారు. మంచులో తడిసిన బూట్లు కూర్చుని విప్పుకోవడానికి ఆ బెంచి. బరువైన కోట్లకి ఆ కొక్కేలు. పైన్, బర్చ్ చెట్లు వాళ్ల అడవుల్లో పుష్కలం, అందుకని ఆ లేత చెక్క. అన్నిటి వెనకా జరూరత్ ఉంది.

ఎలెన్ కే అనే స్వీడన్ రచయిత్రి 1899లో 'అందరికీ అందం' అన్న పేరుతో ఒక పుస్తకం రాసింది. గరీబు ఇంటికీ అందం కావాలి, ప్రతి వస్తువూ అది ఏ పని కోసం ఉందో ఆ పని చక్కగా చేయాలి అన్నది ఆమె వాదన. అదే ఏడాది కార్ల్ లార్షన్ అనే ముసవ్విర్ సుంద్‌బోర్న్ ఊళ్లో తన ఇంటి బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. ఆ బొమ్మలు చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, భార్య కారిన్ నేసిన బట్టలు, ఇల్లంతా పిల్లలు. ఫోన్‌లో కనబడే ఈ ఫీకా తెలుపు కాదు వాళ్ల సాదగీ.

ఐకియా మన దేశంలో మొదటి దుకాణం 2018లో హైదరాబాద్‌లోనే తెరిచింది. మనవాళ్లు అక్కడికి పిల్లాజెల్లాతో షికారుకి వెళ్లినట్టు వెళ్తారు. వెళ్లండి, నేనూ వెళ్తాను. కానీ మే నెల ఎండకి కిటికీలు మూసుకునే ఊళ్లో వెలుతురు కోసం అన్ని వేలు పోయడం ఫుజూల్ ఖర్చు కాదా? మన జరూరత్‌లు వేరు. పాత ఇళ్లలో తలుపు దాటగానే ఒక అడ్డుగోడో, పర్దానో ఉండేది. మెహమాన్ అక్కడ ఆగి గొంతు సవరించుకునేవాడు, లోపలివాళ్లు సర్దుకునేవాళ్లు. ఆ రెండు నిమిషాల తహజీబ్‌కి కూడా జాగా కావాలి కదా. ఎలెన్ కే మా పాత దహ్లీజ్ చూసి ఉంటే దాన్నే మెచ్చుకునేదేమో!

మా అమ్మాయితో వారం రోజులు బహస్ నడిచింది. కొక్కేలు ఉండాల్సిందే అంది, ఒప్పుకున్నాను. ఇన్నాళ్లూ తలుపు వెనక ఒకే మేకుకి నాలుగు బురఖాలు వేలాడేవి మరి. చెప్పుల అర కూడా ఉంచాం. బెంచి పిల్లల గదిలోకి పోయి, తఖ్త్ వెనక్కి వచ్చింది. పర్దా కూడా వచ్చింది. ఈసారి లేత నీలం నూలుది, అమ్మాయే ఎంచింది. ఖాలా మళ్లీ మగ్రిబ్ అజాన్ దాకా కూర్చుంటోంది. అద్దం మాత్రం అమ్మీకి నచ్చలేదు. ఇది సెలూనా అని రోజూ విసుక్కుంటుంది, బయటికి వెళ్లేముందు బురఖా దాని ముందే సర్దుకుంటుంది.