కాపలా దారి వేరుగా ఉండాలి

2022 జూలై 8 తెల్లవారుజామున కెనడాలోని రోజర్స్ సంస్థ ఇంజినీర్లు అప్‌గ్రేడ్ పనిలో భాగంగా రూటర్‌లోని ఒక ఫిల్టర్‌ను తీసేశారు. అంతవరకు వడపోతలో ఆగుతున్న రూటింగ్ సమాచారమంతా ఒక్కసారిగా కోర్ రూటర్ల మీదికి వచ్చిపడింది. ఆ భారానికి అవి కుప్పకూలాయి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఖాతాదారులకు ఫోను, ఇంటర్నెట్ పోయాయి. 911కు చేసిన అత్యవసర కాల్స్ ఎన్నో కలవలేదు. దేశమంతటా ఇంటరాక్ డెబిట్ చెల్లింపులు నిలిచిపోయాయి.

పొరపాటు ఎవరివల్లయినా జరుగుతుంది. ఆ తర్వాత జరిగిందే ఆందోళన కలిగిస్తుంది. నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే నిర్వహణ వ్యవస్థ కూడా ఆ కోర్ మీదే ఆధారపడి ఉంది. కోర్ పడిపోగానే బాగుచేయాల్సినవాళ్లకే లోపల ఏం జరుగుతోందో కనిపించలేదు. సిబ్బంది తమలో తాము మాట్లాడుకోవడానికి పోటీ సంస్థల సిమ్ కార్డులు తెచ్చుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయిన కథా ఇదే. బ్యాక్‌బోన్ సామర్థ్యాన్ని పరీక్షించబోయి ఇచ్చిన ఒక ఆదేశం డేటా సెంటర్ల మధ్య కనెక్షన్లన్నిటినీ తెంచేసింది. అలాంటి ఆదేశాన్ని అడ్డుకోవాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంది. బాగుచేసే దారీ దాంతోపాటే తెగిపోవడంతో, తాళంచెవి లోపలే వదిలి తలుపు మూసుకున్నట్టయింది ఇంజినీర్ల పని.

ఒక్క ఆదేశానికి ఇంత బలం ఎప్పుడూ లేదు. ఒకప్పుడు ఇంజినీరు ఒక్కో రూటర్‌లోకి విడిగా లాగిన్ అయ్యి మార్పులు చేసేవాడు. 2008లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ముందుకు తెచ్చిన ఓపెన్‌ఫ్లో అనే ప్రమాణం తర్వాత, ఒకచోట కూర్చుని నెట్‌వర్క్ మొత్తాన్ని ప్రోగ్రామ్‌తో నడిపించే పద్ధతి బలపడింది. దాని మేలు కాదనలేనిది. తన డేటా సెంటర్లను కలిపే బీ4 నెట్‌వర్క్‌లో చాలా లింకులను నూటికి నూరు శాతానికి దగ్గరగా వాడుకోగలిగామని గూగుల్ 2013లో వెల్లడించింది. మామూలు నెట్‌వర్క్‌లలో అది 30, 40 శాతమే. అయితే మంచి ఆదేశం ఎంత వేగంగా అంతటా పాకుతుందో, చెడ్డదీ అంతే వేగంగా పాకుతుంది.

కనుక పర్యవేక్షణకు వేరే దారి కావాలి. పరికరాలు తమ స్థితిని తెలిపే సమాచారాన్ని (టెలిమెట్రీ) క్షణక్షణం పంపినా, అది ప్రయాణించేది కూలిన దారిలోనే అయితే ఎవరికీ చేరదు. ప్రతి మార్పునూ ముందు కొద్ది పరికరాల మీదే అమలు చేసి, ఫలితం చూశాకే విస్తరించాలి. రోజర్స్‌లో ఏడు దశల అప్‌గ్రేడ్‌లో మొదటి దశలు సాఫీగా జరిగాయన్న ధీమాతో తర్వాతి వాటి ప్రమాద స్థాయి అంచనాను తగ్గించారు. ఆరో దశలో దెబ్బతిన్నారు.

ఈ వివరాలు మనకు తెలిశాయంటే అక్కడి నియంత్రణ సంస్థ స్వతంత్ర దర్యాప్తు చేయించి, సారాంశాన్ని ప్రజల ముందు పెట్టడమే కారణం. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో నాలుగు గంటలకు మించి సేవలు ఆగితే టెలికాం సంస్థలు ట్రాయ్‌కి తెలియజేయాలి. అంతటితో ఆగకూడదు. పెద్ద అంతరాయాల మూల కారణాలను ట్రాయ్ బహిరంగంగా ప్రచురించాలి. నిర్వహణ నెట్‌వర్క్‌ను విడిగా ఉంచడాన్ని తప్పనిసరి చేయాలి.