చిగుళ్ళ నెత్తురును చిన్నచూపు చూడొద్దు

ప్రతి వార్షికోత్సవ సంచికలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి, మన హక్కుల గురించి రాసుకుంటాం. అవి రాయాల్సినవే. ఈసారి మాత్రం అందరం చిన్నదిగా తీసిపారేసే ఒక విషయం గురించి రాయాలనుకున్నాం. అదే చిగుళ్ళ జబ్బు.

మేడ్చల్, శామీర్‌పేట హాస్టళ్ళలో ఉండి చదువుకున్న మాకు పొద్దున నల్లాల దగ్గరి లైను బాగా గుర్తు. బెల్లు కొట్టేలోపు స్నానం, బట్టలు, పళ్ళు అన్నీ అయిపోవాలి. ఒక్క నిమిషంలో బ్రష్ తిప్పేసి ఉమ్మితే ఎర్రగా నెత్తురు కనపడేది. బ్రష్ గట్టిగా తగిలిందనుకుని మర్నాటి నుంచి ఆ పక్క ముట్టేవాళ్ళం కాదు. అక్కడే పొరపాటు చేశాం. నెత్తురు వచ్చిన చోట తోమడం మానేస్తే జబ్బు తగ్గదు, పెరుగుతుంది.

ఎందుకంటే ఈ జబ్బుకు మూలం పాచి. పళ్ళు తోమిన కొన్ని గంటలకే పళ్ళ మీద సూక్ష్మజీవులు జిగురు పొరలా అంటుకోవడం మొదలుపెడతాయి. 1683లోనే హాలెండుకు చెందిన లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని తీసి భూతద్దం కింద చూసి, అందులో కదులుతున్న ప్రాణులను వర్ణించాడు. ఆ పాచిని రోజూ తీయకపోతే లాలాజలంలోని కాల్షియంతో కలిసి గట్టిపడి గార అవుతుంది. గార కింద, గాలి తగలని సందుల్లో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి బాక్టీరియా పెరుగుతాయి. వాటితో మన శరీరం చేసే పోరాటంలోనే చిగురు వాచి నెత్తురు కారుతుంది. ఆ పోరాటం ఏళ్ళ తరబడి సాగితే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. కరిగిన ఎముక మళ్ళీ మునుపటిలా రావడం కష్టం. చిగురు వాపు దశలోనే మేల్కొంటే మాత్రం పూర్తిగా నయమవుతుంది.

ఈ మాటకు రుజువు చూపించిన వారిలో విద్యార్థులే ఎక్కువ. హరాల్డ్ లో అనే దంతవైద్యుడు డెన్మార్క్‌లో చేసిన ప్రయోగం 1965లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. వారిలో ఎక్కువ మంది దంతవైద్య విద్యార్థులు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే సుమారు వారంలో చిగుళ్ళు బాగయ్యాయి. మందు లేదు, సూది లేదు. రోజూ పాచి తీశారు, అంతే.

మా అమ్మానాన్నల తరంలో ఎందరో నడివయసుకే పళ్ళు ఊడిపోతే వయసు మీద పడిందని సరిపెట్టుకున్నారు. చాలామంది విషయంలో అది వయసు చేసిన పని కాదు, చిగుళ్ళ జబ్బు చేసిన పని. నష్టం నోటితో ఆగదు. షుగర్ ఉన్నవారికి ఈ జబ్బు తొందరగా ముదురుతుంది. ముదిరిన జబ్బు షుగర్‌ను అదుపు తప్పిస్తుంది. గుండె జబ్బులకూ దీనికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది. బీడీ, సిగరెట్ తాగేవారిలో నెత్తురు తక్కువగా కనపడుతుంది కాబట్టి లోపల జబ్బు ముదిరినా తెలియదు. ఇక నోటి దుర్వాసన సంగతి. క్లాసులో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే పిల్లవాడు రేపు ఇంటర్వ్యూలో గొంతు విప్పుతాడా? అసలే పదిమందిలో తలెత్తి మాట్లాడడానికి మన పిల్లలకు అడ్డంకులు చాలా ఉన్నాయి. ఇది ఇంకొకటి కాకూడదు.

మన శామీర్‌పేట పక్కనే జీనోమ్ వ్యాలీ ఉంది. 2021లో దేశమంతా వేసుకున్న కోవాగ్జిన్ అక్కడ పుట్టిందే. కానీ చిగుళ్ళ జబ్బుకు టీకా లేదు. దీనికి టీకా, మందు రెండూ మన చేతిలోని బ్రష్షే. మెత్తని పోగులున్న బ్రష్‌తో చిగురు, పన్ను కలిసే చోట రెండు నిమిషాలు నెమ్మదిగా తోమాలి. బొగ్గు, ఇటుక పొడి పళ్ళను అరగదీస్తాయి, వాడొద్దు. గార పట్టాక మాత్రం బ్రష్‌తో పోదు, డాక్టరు తీయాల్సిందే. గార తీయిస్తే పళ్ళు కదులుతాయని చాలామంది భయపడతారు. పళ్ళను వదులు చేసింది జబ్బు. గార పోయాక ఆ సంగతి బయటపడుతుంది, అంతే. మన జిల్లాలోనే సూరారంలో దంతవైద్య కళాశాలలున్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.

అందుకే మా సూచనలు కొన్ని. రాత్రి భోజనం తర్వాత, స్టడీ అవర్‌లాగే పళ్ళు తోముకోవడానికీ ఒక సమయం పెట్టాలి. రాష్ట్ర ప్రభుత్వం 2024లో కాస్మెటిక్ చార్జీలను 200 శాతం పెంచింది. అందులోంచి మూడు నెలలకొక కొత్త బ్రష్ ప్రతి విద్యార్థికీ దక్కాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల్లో దంత సమస్యలు కూడా ఉన్నాయి. ఆ బృందం వచ్చినప్పుడు మొహమాటం లేకుండా నోరు తెరిచి చూపించండి తమ్ముళ్ళూ. నెత్తురు వస్తోందని చెప్పండి.

పూర్వ విద్యార్థులమైన మేమూ ఒక మాట ఇస్తున్నాం. వచ్చే ఏడు వార్షికోత్సవంలో మాకు శాలువాలు, మెమెంటోలు వద్దు. ఆ డబ్బుతో బ్రష్‌లు కొనండి, తక్కువ పడితే మేం వేసుకుంటాం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ముందుగా మన హాస్టల్‌ను మంచిది చేసుకుందాం.