పిల్లి కంట్లో పసరు పిండకండి

మనుషుల డాక్టరుకి పిల్లి కళ్లతో పనేమిటని మీకు అనిపించవచ్చు. నెల్లిమర్లలో రేబిస్ టీకా కోసం మా దగ్గరికి వచ్చేవారిలో కుక్క కరిచినవారే ఎక్కువ. మధ్యమధ్యలో పిల్లి రక్కిందని వచ్చేవారూ ఉంటారు. ఎలా జరిగిందంటే కొందరి జవాబు ఇది: 'కంట్లో మందు వేస్తుంటే గీరేసిందండి'.

ఏం మందు? నందివర్ధనం పూల రసం, చనుబాలు, తేనె, ఆముదం, పసుపు నీళ్లు. మనకు కళ్లకలక వస్తే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవే. 'చెట్టుమందే కదా, ఏమవుతుంది' అనే ధీమా నాకు నచ్చదు. చేత్తో పిండిన పసరులో సూక్ష్మక్రిములు ఉండవచ్చు. పసుపు నీళ్లను ఎంత వడగట్టినా నలుసులు మిగులుతాయి. అప్పటికే నల్లగుడ్డు మీద పుండు ఉంటే వాటితో మరింత చెడుతుంది.

పిల్లి కూనలకు తుమ్ములతో పాటు కళ్లు ఎర్రబడి, పుసులు కట్టడానికి ఎక్కువగా కారణం పిల్లుల హెర్పిస్ వైరస్. ఇది మనకు అంటదు. క్లమిడియా అనే బ్యాక్టీరియా వల్ల కూడా కళ్లు అలా అవుతాయి. అది మాత్రం అరుదుగా మన కళ్లకూ సోకుతుంది. అందుకే పిల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పసరుకంటే నన్ను భయపెట్టేది ఫ్రిజ్‌లో మిగిలిపోయిన చుక్కల సీసా. 2023 వానాకాలంలో కళ్లకలక ఊరూరా వచ్చినప్పుడు ఎందరో మందుల షాపులో అడిగి చుక్కలు కొనుక్కున్నారు. అలాంటి చుక్కల్లో కొన్నిటిలో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గుతుంది, బాగైందనుకుంటారు. హెర్పిస్ పుండు ఉన్న కంట్లో అది పడితే పుండు లోతుగా పాకి పువ్వు వేస్తుంది, చూపు పోవచ్చు. మనుషుల కళ్ల సంగతీ అంతే. ఇక జ్వరమేమోనని పిల్లికి పారాసెటమాల్ ఇవ్వనే వద్దు. దాని కాలేయం ఆ మందును అరిగించుకోలేదు. ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు.

నేను ఒప్పుకునే ఇంటి వైద్యం ఒక్కటే. నీళ్లు కాచి చల్లార్చి, దూది తడిపి, ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా తుడవండి. కంటికో దూది వాడండి. ఎండిన పుసిని గోటితో గీకకుండా, తడి దూదిని కాసేపు ఆనించి నాననివ్వండి. పిల్లిని తువ్వాలులో మెడదాకా చుడితే గోళ్లు బయటికి రావు. పట్టుకునే పని పిల్లలకు అప్పజెప్పకండి.

పిల్లి కన్ను తెరవకపోయినా, నల్లగుడ్డు తెల్లబడినా, తిండి మానేసినా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. ఆవులూ గేదెలూ వచ్చే చోటికి పిల్లిని తీసుకెళ్తే నవ్వుతారని కొందరికి మొహమాటం. ఎవరూ నవ్వరు. మనకు దగ్గరలో గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1962కి ఫోన్ చేసి అడగండి.

పిల్లి రక్కితే, అది పెంపుడుదైనా సరే, గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దకండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి రండి. రక్తం వచ్చిందా లేదా చెప్పండి, వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తాం. చాలామంది మూడో మోతాదు తర్వాత కనిపించరు. 28వ రోజుదీ వేయించుకోండి.