ఎందుకు మానేశావమ్మా?

పెళ్ళిచూపుల్లో పిల్లని ఎన్ని ప్రశ్నలు వేసినా "మగపెళ్ళివారు కదా, అడుగుతారు" అని సరిపెట్టుకునే అలవాటు మనది. అందుకేనేమో, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఏమడిగినా తల వంచుకుని జవాబు చెప్పడం మన ఆడపిల్లలకి వచ్చేసింది. ఆ ప్రశ్నలన్నిటిలోకీ నాకు ఒళ్ళు మండేది ఒకటుంది. "పాత ఉద్యోగం ఎందుకు మానేశావమ్మా?"

ఎందుకు మానేస్తారండీ! మూడు నెలలకోసారి జీతం విదిలిస్తే మానేస్తారు. రాత్రి ఎనిమిదింటికి "ఇంకో గంట కూర్చో" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కుంటే మానేస్తారు. నీళ్ళోసుకున్నానని చెప్పిన మర్నాటి నుంచీ మొహం చిట్లిస్తే మానేస్తారు. ఇవన్నీ కాగితం మీద రాస్తే కొలువిచ్చేదెవరు?

నేను కథలు రాస్తానని మా మౌలాలిలో తెలిసినవాళ్ళు తమ పిల్లల రెజ్యూమెలు దిద్దమని తెచ్చిస్తుంటారు. బి.ఏ. చదివినదానికి ఇంగ్లీషు బాగా వచ్చునని వాళ్ళ నమ్మకం! చర్లపల్లి, కుషాయిగూడల్లో చిన్నాచితకా కంపెనీల్లో లెక్కలు రాసిన పిల్లలు, కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలు. చాలా కాగితాల్లో ఒకచోట ఏడాదో, ఏడాదిన్నరో మాయం. ఇదేమిటని అడిగితే, "అది రాయకండి ఆంటీ, వాళ్ళకి ఫోన్ చేస్తే నా గురించి ఏం చెప్తారో" అంటారు. తప్పు చేసినవాడు బోర్డు తగిలించుకుని దర్జాగా కూర్చుంటాడు. పడ్డ పిల్ల తన బతుకులోంచి ఏడాది చింపుకోవాలి. ఏం న్యాయమండీ ఇది?

మాది రైల్వేవాళ్ళ ఊరు. లోకోషెడ్డులో ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉంటుంది. చేరిన తేదీ, ప్రమోషను అన్నీ ఆఫీసే రాస్తుంది. ప్రభుత్వోద్యోగి పనితీరు గురించి పై అధికారి రహస్య నివేదికలో ఏది రాసినా ఆ మనిషికి తెలపాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలిస్తేనే కదా, కాదని మొరపెట్టుకునేది! మరి ప్రైవేటు యజమాని ఫోనులో "ఆ అమ్మాయా? కాస్త పొగరండీ" అంటే? అది అప్పీలు లేని తీర్పు. పిల్లకి దాని సంగతే తెలీదు.

చట్టాలు లేకపోలేదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా విచారణ కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే జిల్లాలో ఉండే కమిటీకి చెప్పుకోవచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు చెప్పాలి. కానీ ఇంటర్వ్యూలో మా ఆఫీసులో కమిటీ ఉందని చెప్పేవాళ్ళు ఎంతమంది? ఎందుకు మానేశావని అడిగేవాళ్ళే అందరూనూ.

అయితే అబద్ధం రాయమంటారా అంటే, వద్దంటాను. పీఎఫ్ కట్టిన ఉద్యోగమైతే చేరిన తేదీ, మానిన తేదీ అందులోనే ఉంటాయి. 2014లో యూఏఎన్ నంబరు వచ్చాక ఎన్ని కంపెనీలు మారినా లెక్కంతా ఒక్కచోటే. దాచి దొరికిపోతే నింద మళ్ళీ పిల్ల మీదికే వస్తుంది. కనక ఆ ఉద్యోగాన్ని ధైర్యంగా రాయాలి. నెలకి ఎన్ని బిల్లులు చూసిందో, జీఎస్టీ లెక్కలు ఎవరు సరిచేశారో రాయాలి. ఆ పని ఆ పిల్లది. యజమాని చెడ్డవాడైనంత మాత్రాన చేసిన పని చెడిపోదు. తిట్లూ కన్నీళ్ళూ కాగితం మీదికి ఎక్కనక్కర్లేదు. జీతం రసీదులు దాచుకోవాలి. నీ గురించి చెప్పేవారెవరంటే ఆ యజమాని పేరే ఇవ్వాలన్న రూలేమీ లేదు. పక్కసీటులో పనిచేసిన సీనియర్ని అడిగి ఆవిడ పేరు ఇవ్వచ్చు.

తల్లులకీ ఓ మాట. "కాస్త సర్దుకుపోవాల్సింది" అని ఇంటికొచ్చిన పిల్లని మీరే దెప్పితే, బయటివాడు ఫోనులో అన్నదానికీ దానికీ తేడా ఏముంది? బాగాలేని చోటునుంచి లేచి రావడం తెలిసిన పిల్లని చూసి గర్వపడండి.

ఇంకోటి కూడా నేర్పండి. ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా?" అంటారు. అప్పుడు మర్యాదగా, నవ్వుతూనే అడగమనండి. "ఈ సీటులో నాకు ముందు పనిచేసినావిడ ఎందుకు మానేశారు సార్?"

సీటు ఖాళీ అయిందంటే, ఎవరో ఒకరు లేచి వెళ్ళే ఉంటారు కదా!